వజీర్ లాగిన్

మస్కట్‌లో ఓ కళాశాల డాబా మీద, ఎండ వేడిని నమోదు చేసే చిన్న లైనక్స్ కంప్యూటర్ ముందు ఇస్రాయేలు వేళ్లు ఆగిపోయాయి.

“నెట్‌కి దారిచ్చే ప్రాక్సీ సెట్టింగుల ఫైల్లో వజీర్ లాగిన్ తీసేసి నీది పెట్టరా. చచ్చినోడి పాస్‌వర్డుతో నెట్ రాదు,” అన్నాడు సూపర్‌వైజర్.

“అన్నా, వజీరన్న ఈ ఫైలు సేవ్ చేసింది వడదెబ్బకి పోయిన రోజే. మధ్యాహ్నం ఒంటిగంటా పది.”

“అయితే?”

“వేసవిలో ఆ వేళ ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం కదా. అసలు డ్యూటీలోనే లేడని కంపెనీ రాసింది. పనిలో ఉన్నాడనడానికి ఈ టైమొక్కటే సాక్ష్యం. నేను సేవ్ కొడితే చెరిగిపోద్ది.”

“వచ్చే నెల నీ వీసా రెన్యూవల్ కదరా?”

ఇస్రాయేలు తన లాగిన్ కొట్టి, సేవ్ మీట నొక్కాడు.

“ఇప్పుడేం చూపిస్తోంది?”

“నా పేరన్నా. ఇవాళ మధ్యాహ్నం, ఒంటిగంటా ఇరవై.”