ఈగ జారిపడ్డ కొట్టం

“గుర్రం కొట్టం శుభ్రంగా ఉంచడమంటే మాటలనుకున్నారా?” అంటూ టీ కొట్టు బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు గుర్రాల మామ. “లద్దె ఎత్తాలి, తడి గడ్డి తీయాలి, నేల కడిగి ఆరాక పొడి గడ్డి పరవాలి. రోజుకి మూడుసార్లు. నా తెల్లగుర్రం బతికున్నన్నాళ్ళూ ఒక్కపూట తప్పలేదు.”

“మూడేనా?” అన్నాడు టీ కొట్టాయన పాలు తిరగబోస్తూ.

“మూడెవడన్నాడు? తొమ్మిది! మా వియ్యంకుడొచ్చి, ఇంట్లో వద్దు బావగారూ, కొట్టంలోనే పక్క వేయించండి అన్నాడంటే చూస్కో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ ఈగొచ్చింది. గడప దగ్గర ఆగి కాళ్ళు తుడుచుకుంది పాపం, అయినా లోపల అడుగుపెట్టగానే జర్రున జారి నడుం విరగ్గొట్టుకుంది!”

“కట్టు కట్టావా మామా?” అన్నాడు దర్జీ. అందరూ ఘొల్లుమన్నారు.

“కట్టా మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాసుపత్రి డాక్టర్లు దిగారు. మా ఆపరేషన్ గది కంటే ఇదే నయం, మాకిచ్చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డారు. ఇస్తానా? రోగమన్నది ఆ గుమ్మం తొక్కితే ఒట్టు.”

“తొక్కింది మామా,” అన్నాడు లాడాలు కొట్టేవాడు, గొంతు పెంచకుండా. “నీ తెల్లగుర్రం చచ్చిపోయే ముందురోజు దాని డెక్కలు ఎత్తి చూసింది నేనే. నాలుగూ కుళ్ళిపోయాయి. తడి గడ్డి జానెడెత్తున పేరుకుపోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే గానీ నిలబడలేకపోయాను.”

ఎవరూ నవ్వలేదు. మామ టీ గ్లాసు కింద పెట్టాడు.

“అప్పుడు మీ అత్త మంచంలో ఉందిరా,” అన్నాడు. “నెలరోజులు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, మళ్ళీ మార్చడం. కొట్టం వైపు వెళ్ళేసరికి చేతులు లేచేవి కావు. రేపు తీద్దాంలే అనుకునేవాణ్ణి. అది ఆ బురదలోనే నిలబడి నన్ను చూసేది. ఒక్కనాడూ తన్నలేదు. ఆవిడా దక్కలేదు, అదీ దక్కలేదు.”

“నాకో కబురు పెడితే వచ్చి ఎత్తిపోసేవాణ్ణి కదా మామా?” అన్నాడు లాడాలు కొట్టేవాడు.

“ఏ మొహం పెట్టుకుని పిలవనురా? ఏళ్ళ తరబడి ఇక్కడ ఇవే కోతలు కోశానాయె. నువ్వొచ్చి చూస్తే పరువు పోతుందనుకున్నాను.” మామ అరచేతుల కేసి చూసుకున్నాడు. “గుర్రం పోయింది.”