తొమ్మిదో వరుస, పదహారో గొయ్యి

ఎస్సైగారూ, నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. అందరూ పెద్దయ్య అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మునిసిపాలిటీ శ్మశానంలో గోతులు తవ్వడం నా పని. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

వివరాలన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటాయి. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను తాతా అంటుంది. ఇదివరకు ఎక్కడ తవ్వాలో రాసిచ్చే చీటీ కోసం గేటు దగ్గరి ఆఫీసు దాకా నడిచేవాణ్ణి. నా మోకాళ్ళు చూసి ఆ అమ్మాయి కంప్యూటర్ దానంతటదే చేసేలా ఒక స్క్రిప్టు రాసింది. ఆఫీసులో బటన్ నొక్కితే నా షెడ్డులో చీటీ అచ్చవుతుంది.

"ఆ స్క్రిప్టుకు ఒకసారికి ఒక్కటే అందివ్వగలం తాతా. అందుకే పేరు, వరుస, గొయ్యి, వయసు నాలుగూ ఒకే దండగా గుచ్చి పంపుతా. అక్కడ అది విడదీసుకుంటుంది" అంది.

"దండేగా, మన చోటికి సరిపోయిందిలే" అన్నాను. నవ్వింది.

పోయిన నెల పదో తేదీ ఉదయం పదింటికి ఆసుపత్రి బండి వచ్చింది. చిన్న పెట్టె. తండ్రి ఆసుపత్రిలో తల్లి దగ్గర ఉన్నాడట. వెంట ఎవరూ రాలేదు. చీటీలో పేరు దగ్గర 4 అని ఉంది. పేరు పెట్టని పిల్లలకు అంకె వేస్తారేమో అనుకున్నాను. వరుస 9. గొయ్యి 16. వయసు దగ్గర ఏమీ లేదు. పెట్టె చూశాక వయసు అడగాలనిపించలేదు. వాన పడుతోంది. నా గళ్ళ తువ్వాలు పెట్టెకు చుట్టాను. తవ్వి, పెట్టి, పూడ్చాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి తల్లీ తండ్రీ రసీదు పట్టుకుని వచ్చారు. రసీదు సరిగానే ఉంది, అదే పదో తేదీ. నాలుగో వరుస, తొమ్మిదో చోటు. తల్లి అక్కడ కూర్చుని, పిల్లను జోకొట్టినట్టు నేలను తట్టింది. అది పార పడని నేల. నాకు తెలుసు. గోడ పక్కన నిలబడ్డాను. ఆమె తడుతూనే ఉంది.

"అక్కడ కాదమ్మా" అన్నాను.

"ఏది కాదు?"

"పాప అక్కడ లేదమ్మా."

తండ్రి నా చొక్కా పట్టుకున్నాడు. "మా బుజ్జిని ఏం చేశార్రా? ఎవరికి అమ్మేశారు?" అన్నాడు. నేను విడిపించుకోలేదు.

ఆఫీసు అమ్మాయి పరుగున వచ్చింది. చీటీ సంగతి చూసి కూలబడింది. ఆ రోజు ఆసుపత్రికి ఫోన్ చేసి పేరు అడిగితే తండ్రి "ఇంకా పెట్టలేదు, బుజ్జి అంటాం" అన్నాడట. ముద్దుపేరు రాయకూడదని ఖాళీ వదిలిందట. స్క్రిప్టు ఖాళీని లెక్కలోకి తీసుకోదట. వెనకవన్నీ ఒక్కో చోటు ముందుకు జరిగాయి. వరుస పేరయింది. గొయ్యి వరుసయింది. పాప బతికింది పదహారు రోజులు. అదే గొయ్యి నంబరయింది.

"నీ నడక తప్పిద్దామని చేశాను తాతా" అని ఏడ్చింది.

పాపను అమ్మేసిందని ఆ అమ్మాయి మీద కేసు రాస్తున్నారట. ఎవరూ అమ్మలేదు. ఈ ఉదయం మీ ముందే తవ్వాను. నా తువ్వాలు మీరు చూశారు. తల్లి చూసింది. "కదపకండి, లేపకండి" అంది. మళ్ళీ పూడ్చాను. పొరపాటు జరిగింది. మోసం జరగలేదు.

ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. పైన పాప పేరు దగ్గర మీరు గీత గీశారు. అక్కడ బుజ్జి అని రాయండి. తల్లి రాయమంది. రాశాక సంతకం పెడతాను.

(రాసి చూపించిన తర్వాత సంతకం పెట్టారు.)