కడిగి వాడేద్దామన్న రోజు

సభకు పెద్దగా వచ్చిన వెంకటాద్రి గారికి, మా డయాలసిస్ సెంటర్ మేనేజర్ శ్రీనాథ్ గారికి, నా తోటి పేషెంట్లకు నమస్కారం. ఈరోజు రిటైరవుతున్న హెడ్ నర్సు జ్ఞానమణి సిస్టర్ గురించి నాలుగు తీపి మాటలు చెప్పమన్నారు. బళ్ళో తెలుగు పాఠాలు చెప్పిన ఈ ఉమామహేశ్వరి నాలుగు మాటలతో ఆపిందంటే నా శిష్యులెవరూ నమ్మరు. (నవ్వులు) పైగా ఇవాళ నా దగ్గర తీపి లేదు. షుగరు వల్ల కాదండీ, కోపం వల్ల.

నిరుడు వేసవిలో ఎ.కొండూరు నుంచి అంతోనయ్య గారు డయాలసిస్‌కు వచ్చారు. రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. అలాంటివారికి వేరే గది, వేరే మిషన్ ఉండాలి. మన దగ్గరా ఉంది, కానీ చెడిపోయి ముసుగేసుకుని పడి ఉంది.

"మామూలు మిషన్ మీదే చేసి, కడిగి వాడేద్దాం సిస్టర్. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు శ్రీనాథ్ గారు. తల దించుకోకండి సార్, వినండి.

"నాకు తెలుస్తుంది కదండీ" అంది సిస్టర్.

ఆ మాటకు ఆవిడకు మెమో ఇచ్చారు! ఆవిడ అంతోనయ్య గారిని విజయవాడ పంపించి అక్కడ డయాలసిస్ జరిగేలా చూసింది. మిషన్ బాగుచేయించేదాకా రోజూ డ్యూటీ దిగి మేనేజర్ గది ముందు నిలబడింది. అంతోనయ్య గారు బతికారు. మనలో ఎవరికీ ఆ జబ్బు అంటలేదు.

మరి మనం? ఆ జబ్బు రాకుండా టీకా వేయించుకోండని ఆవిడ బతిమాలితే, "ఉన్న సూదులు చాలవా అమ్మా?" అన్నారు విస్సన్నపేట బ్రహ్మయ్య గారు. అందరం నవ్వాం. మొదటి డోసు వేయించుకుని మిగతావి ఎగ్గొట్టినవాళ్ళు ఈ హాల్లో ఎందరు?

ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. అంతోనయ్య గారు చివరి వరసలో ఒక్కరే కూర్చున్నారు. అటూ ఇటూ కుర్చీలన్నీ ఖాళీ. అది రక్తం ద్వారా వచ్చే జబ్బయ్యా, పక్కన కూర్చుంటే రాదు, కలిసి అన్నం తింటే రాదు! మిషన్ వేరుగా పెట్టమంటే కుదరదన్నారు. మనిషిని మాత్రం ఎవరూ చెప్పకుండానే వేరుగా పెట్టారు.

సిస్టర్, రేపటి నుంచి మీరుండరు. ఇంకెవరైనా 'కడిగి వాడేద్దాం' అంటే, చేతికి సూదులున్నా సరే, మంచం మీద నుంచే గొడవ చేస్తాను. మీకు మా అందరి కృతజ్ఞతలు. ఓపికగా నా తిట్లు తిన్న సభికులకూ ధన్యవాదాలు. ఇక సెలవు.

అంతోనయ్య గారూ, మీ పక్క కుర్చీ నాది, వస్తున్నాను.