కొల్లేటికి అడ్డం వేసిన గట్టు

హనుమాన్ జంక్షన్‌లో లాల్ అహ్మద్ టీ కొట్టు దగ్గర జాన్సన్ నోరు తెరిచాడంటే నలుగురూ గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగేవాళ్ళు. మట్టి తవ్వే పొక్లెయిన్ నడపటం అతని పని, కోతలు కోయటం అతని రోగం. ఆ పొద్దున బల్ల చివర జాన్సన్ వాళ్ళ లంక ఊరి సంపూర్ణమ్మ మూటతో కూర్చుని ఉంది. కొల్లేటి నీళ్ళు ఇంట్లోకి రావటంతో విజయవాడలో కూతురి దగ్గరికి పోతోంది. ఆమె మొహం చూసి, కాస్త నవ్విద్దామని మొదలుపెట్టాడు.

"మొన్న ఎండాకాలం కొల్లేట్లో చేపల చెరువుకి గట్టు వేశానండీ. అందరూ నెల పడుతుందన్నారు, నేనొక్కణ్ణే వారంలో లేపేశాను."

"పోయినసారి పక్షమన్నావు?" అన్నాడు లాల్ అహ్మద్.

"టీలు తాగిన టైము తీసెయ్ భాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బుడమేరు పొంగి గట్టు దాకా వచ్చి, ఎవరు వేశారని అడిగి, నా పేరు వినగానే చెప్పులు చేతబట్టుకుని వెనక్కి తిరిగింది!"

"ఏటికి చెప్పులేంట్రా?" అన్నాడు వింటున్న వాళ్ళలో ఒకడు.

"వరదలో కొట్టుకొచ్చినవి బోలెడు! వినండి. చెరువులో శీలావతి చేపలు ఎంత పెరిగాయంటే, గూడబాతులు బెదిరి చెట్లెక్కినయ్యి. ఒక శీలావతి గూడబాతునే మింగి ఈకలు ఊసింది. అది తోక విసిరితే, కొల్లేటి నీళ్ళు సముద్రానికి మోసే ఉప్పుటేరు ఉరికి సముద్రాన్ని తోసింది. సముద్రం నాకు ఫోన్ చేసి, 'జాన్సన్ గారూ, కాస్త జాగా ఇప్పించండీ' అంది!"

అందరూ విరగబడి నవ్వారు. సంపూర్ణమ్మ నవ్వలేదు.

"తక్కినవి నాకు తెలియవు గానీ జాన్సనూ, గట్టు మాత్రం నిజం. నీళ్ళు ఉప్పుటేటికి పోయే దారికే అడ్డంగా వేశావు. మా పొయ్యి మునిగింది, ప్రభువు పటం తడిసింది. ఆ నీళ్ళు ఎటూ పోలేక ఇంట్లోనే ఉన్నాయి."

నలుగురూ గ్లాసులు బల్ల మీద పెట్టేశారు.

"వారంలో లేపినవాడివి, ఒక్క పూటలో గండి కొట్టలేవా నాయనా? నీళ్ళు తీస్తే ఈ మూటతో ఇంటికే పోతాను."

జాన్సన్ చెరువు ఓనరు కొలతకి పట్టించిన తాడు వెంట మట్టి పోసుకుంటూ పోయాడే గానీ, కొల్లేట్లో పుట్టి పెరిగినవాడై ఉండీ, వానాకాలం నీళ్ళు ఎటు పోతాయని ఒక్కసారి తలెత్తి చూడలేదు. మనిషికి పని చేతనైతే చాలదు. ఆ పని ఎవరి మీద పడుతుందో కూడా తెలియాలి.

"గండి కొడితే చేపలు పోతాయి పిన్నీ," అన్నాడు మెల్లగా. "చేపలు పట్టి అమ్మేదాకా ఓనరుగారు ఒప్పుకోరు."

విజయవాడ బస్సు వచ్చి ఆగింది. అతను మూట అందుకోబోయాడు. సంపూర్ణమ్మ ఇవ్వలేదు.

"నేను మోసుకుంటాలే. నువ్వు చేపల్ని జాగ్రత్తగా చూసుకో," అని బస్సెక్కింది.