నవోమి నడుము

మెదక్‌లో ఒక మిషన్ దవాఖాన, 1964. నర్సుల హాస్టలు గది, మధ్యాహ్నం. చాప మీద నర్సు నవోమి. పక్కన, ఆమె చేత నడుము కసరత్తు చేయిస్తున్న పెద్ద నర్సు ఎలిశిబా.

“మోకాళ్లు ముడువు. పాదాలు చాపకు ఆనియ్యి. ఇగ నడుము లేపు, మెల్లగ. ఊపిరి బిగవట్టకు.”

“బిగవడ్తలేనక్కా.”

“పండ్లు బిగవట్టినవ్ గద. నొస్తుందా?”

“నొస్తలేదు.”

“అబద్ధం చెప్పకు పిల్లా. సాయంత్రం డాక్టరమ్మకు నేను జవాబు చెప్పాలె. నువ్వు వార్డుకు పోవాల్నా, కుట్టుగదిల దుప్పట్లకు మాసికలు వేసుకుంట కూసోవాల్నా, నా మాట మీదనే ఉంది.”

“వార్డుకే పోత. దుప్పట్లు మాట్లాడయి గద.”

“రోగులు మాట్లాడ్తరా? తిడ్తరు.”

“తిట్టనీ.”

“సరే, దించు. బోర్ల తిరిగి చేతుల మీద, మోకాళ్ల మీద నిలువు. పిల్లి లెక్క వీపు వంచు.”

“ఇగో.”

“మంచిగనే వంగుతుంది.”

“చెప్పిన గద.”

“మరి ఆదివారం ఎందుకు వంగలే?”

“ఏ ఆదివారం?”

“నవోమీ.”

“నొచ్చింది. పొద్దున చలి ఉండె.”

“గుడిల ప్రభు భోజన సంస్కారానికి అందరు పోయి మోకరించిండ్రు. నువ్వొక్కదానివే బల్ల మీద. పోయిన నెల గూడ గట్లనే. నవోమి నడుము ఇంక బాగుకాలేదా అని పాస్టరయ్యగారు నన్నడిగిండ్రు. ఏం చెప్పాలె?”

“బాగుకాలేదని చెప్పు.”

“డాక్టరమ్మకు?”

“బాగైందని చెప్పు.”

“వాళ్లిద్దరు రోజు ఒక్కతాన చాయ తాగుతరు పిల్లా.”

“నవ్వియ్యకక్కా, నొస్తది.”

“నొస్తదా?”

“లేదు. ఊరికెనే అన్న.”

“లేచి కూసో. నిజం చెప్పు. ఎప్పుడు బాగైంది?”

“వానలు ఆగినప్పుడే.”

“మరి?”

“రోగి ముందర వంగుత. పళ్లెం పెట్టనీకి వంగుత, ఎత్తనీకి వంగుత. గుడిల మోకాళ్లు ముడువబోతే తమ్ముడు మతికొస్తడు.”

“గాబ్రియేలు.”

“డ్యూటీ అయినంక రోజు వాని మంచం పక్కన మోకరించిన. ఏం అడిగిననో నీకెరుకనే. వాడు పోయిండు. కోపమా అంటే కోపం గాదు. అడుగుడు అయిపోయిందక్కా. అడిగేది ఏం లేకుండ మోకరిస్తే, అది మోకరించుడా, కసరత్తా?”

“గీ మాట ఇంకెవ్వల్లకన్న చెప్పినవా?”

“ఎందుకు చెప్పాలె? నడుము నొప్పి అంటే ఎవ్వరేం అడగరు.”

“వార్డుకు పోతే అడుగుతరు. వార్డుల మనుషులను ఎత్తేటామెకు గుడిల ఏమైందంటరు. మనది మిషన్ నౌకరి.”

“ఎరుక. అయినా వార్డుకే పంపు. అననీ.”

“సరే. బాగైందనే చెప్త. ఆదివారం ఏ బల్ల మీద కూసుంటవ్?”

“వెనక, దర్వాజ పక్కన. ఎందుకు?”

“నాకు జర జాగ ఉంచు.”

“నీకేమైందక్కా?”

“నడుము నొప్పి. నీకన్న ముందటిది. ఇన్నేండ్లు ఓర్చుకొని మోకరించిన.”