వాసన పట్టెటోడు

సెంటినరీ కాలనీ, కంపెనీ క్వార్టరు వరండా. మొదటి షిఫ్టు దిగి వచ్చిన బొగ్గు గని సర్దారు సదయ్య. దీపం పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఆయన బిడ్డ దీప.

“ఒక్కసారి బాపు. మూత తీస్త, ముక్కు పెట్టు. గంతే.”

“పానం గుంజుతుంది బిడ్డా. పొద్దుగాల సంది నడుస్తనే ఉన్న. ఛాయ తాగనియ్యి.”

“తాగుకుంటనే చెప్పు. అమ్మ చెప్పింది, పక్కింటి శోభక్క చెప్పింది. నువ్వొక్కనివే మిగిలినవ్.”

“గీ దీపం పురుగులల్ల ఏం వాసనుంటది?”

“మగదానికి ఉంటది. ఇగో, కడుపుకు రెండు దిక్కుల వెంట్రుకల కుచ్చులు. ఆడదాని దగ్గరికి పోంగనే గివి ఇప్పుతది. వాసన గాలిల కలుస్తది.”

“అత్తరు సీసా అన్నట్టు.”

“గంతే. ఇంకో జాతికి తోక కాడ గొట్టాలుంటయ్, ఉబ్బిస్తది.”

“రెండు ఒక్క ఇంటియేనా?”

“అదే నా చదువు. ఒక్క తాత నుంచే వచ్చిందేమో అనుకున్న నేను గూడ. కాదు బాపు. ఏ వంశానికి ఆ వంశంల విడిగ పుట్టింది. కొన్నిట్ల పుట్టి మల్ల పోయింది.”

“పోతే... ఎట్ల బతుకుతయ్?”

“ఎట్లనో బతుకుతయ్. కండ్లు మూసుకో. ఇగో, గిది ఎట్లున్నది?”

“మంచిగున్నది.”

“దేని లెక్క?”

“పూల లెక్క. అయిపోయిందా?”

“ఇంకోటి. గిది?”

“గిదీ గట్లనే. జర తక్కువ.”

“బాపు.”

“ఏంది?”

“రెండోది ఖాళీ డబ్బ. ఉత్తగ చెప్పేటోళ్లను పట్టుకునేటందుకు పెడ్తం.”

“అలిసి ఉన్న. నోటికొచ్చింది అన్న.”

“మొదటిది కస్తూరి లెక్క గుప్పుమంటది. పూల వాసన కాదు.”

“తీసెయ్యి గవన్ని. అన్నం పెట్టుమను మీ అమ్మను.”

“నిన్న పాలు మాడినప్పుడు పొయ్యి పక్కనే కూసున్నవ్.”

“పేపరు చదువుతున్న.”

“ఎప్పటి సంది?”

“ఏది?”

“బాపు. ఎప్పటి సంది?”

“వానకాలం జరమొచ్చింది కదా. గప్పటి సంది.”

“గన్ని నెలలా! నువ్వు ముందుగాల పోయి చూసి, మంచిగున్నదంటేనే కదా మనుషులు లోపలికి పోయేది?”

“గ్యాసు చూసే మీటరున్నది.”

“బొగ్గు లోలోపల కుములుతుంటే మీటరు కన్న ముందు ముక్కుకే తెలుస్తదని చెప్పింది ఎవలు?”

“మెల్లగ. మీ అమ్మ ఇంటది. బయటపడితే పైన కూసోబెడ్తరు. ముప్పై ఏండ్లు దిగినోణ్ణి, గేటు కాడ కుర్చీ ఏసుకొని...”

“కూసో! ఏమైతది?”

“నేను ఊకె పంపలేదు బిడ్డా. నా కింద పనిచేసే నర్సింగం నా ఎంటనే ఉంటుండె. ‘ఏమన్న వాసనొస్తుందా’ అని అడుగుతుంటి. ‘ఏం లేదు సర్దార్’ అంటుండె. గప్పుడే పంపుతుంటి.”

“నీకు తెలుస్తలేదని ఆయనకు తెలుసా?”

“తెల్వది.”

“ఇగ దిగకు బాపు. నీ కాళ్లు మొక్కుత.”

“దిగను. రేపు దవాఖానకు పోత. అంత చెప్పేస్త. నర్సింగం గూడ వస్తడు.”

“ఆయనెందుకు?”

“ఇయ్యాల పైకి వచ్చినంక నన్ను పక్కకు గుంజిండు. ‘సర్దార్, ఏడాది సంది నా ముక్కు పని చేస్తలేదు. ఎవలకు చెప్పకు. నువ్వున్నవన్న ధైర్యంతోనే లోపల తిరుగుతున్న’ అన్నడు.”