ఒంటికి సరిపడా

కుట్టుమిషన్ పక్కన నిలబెట్టి, చెల్లెలి నడుముకు టేపు చుట్టింది అక్క.

“జాకెట్టు ఎప్పట్లాగే రెండంగుళాలు తగ్గించి కుట్టనా? సన్నబడ్డాక సరిపోతుందంటావుగా.”

“వద్దక్కా. ఒళ్లెలా ఉంటే అలాగే కుట్టు. దీన్ని తిట్టుకోవడం మానేశాను.”

“మీ ఆయన అరిచినప్పుడల్లా వంటింట్లో దూరి బిస్కెట్లు మెక్కడమో?”

“అదీ మానేశాను.”

“నా బంగారు తల్లే! మరిప్పుడేం చేస్తున్నావు?”

“ఏం చెయ్యను. కదలకుండా ఆయనకెదురుగానే నిలబడతాను.”

టేపు పట్టుకున్న చెయ్యి ఆగింది. “ఆయనేం చేస్తాడు?”

“ఇదివరకు నేను తింటుంటే చూసి నవ్వేవాడు. ఆ నవ్వుతో కోపం దిగిపోయేది. ఇప్పుడు దిగట్లేదక్కా.”

చేతి కొలత తీద్దామని అక్క ఆమె జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు కనిపించాయి. అక్క టేపును వాటి కిందిదాకా దించింది.

“మోచేతి దాకా పెట్టనా? కనపడవు.”

“పొట్టి చేతులే పెట్టు. చూసేవాళ్లను చూడనీ.”

వీధిలో బండి ఆగి, హారన్ మోగింది.

“ఆయనే. ఇక్కడికొస్తున్నానని చెప్పలేదే!”

అక్క టేపు మెడలో వేసుకుని, వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చింది.

“ఆ రెండో చెయ్యి ఇటివ్వు. కొలతలింకా అవలేదు.”

హారన్ ఈసారి ఆగలేదు.